ఇంగ్లీషు పేరున్న నొప్పి

తెలుగులో జబ్బు చేస్తే మనిషి బతకడం కష్టం. జబ్బంటూ చేస్తే ఇంగ్లీషులోనే చెయ్యాలి.

నవ్వకండి. సరదాకి అంటున్న మాట కాదిది. డాక్టర్ల చీటీలు అర్థం కావనీ, కోడిగెలికిన రాతలో నోరు తిరగని పేర్లు రాసి జనాన్ని బెదరగొడతారనీ పత్రికలకు ఉత్తరాలు రాసేవాళ్లున్నారు. రోగాల పేర్లన్నీ తెలుగులోకి మార్చాలని తీర్మానాలు చేసే సంఘాలున్నాయి. వాళ్లందరికీ చేతులెత్తి మొక్కుతూ ఒకటే మనవి. దయచేసి ఆ పని మాత్రం చెయ్యకండి. అర్థం కాని పేరంత మంచి మందు ఈ దేశంలో ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

నమ్మకం కుదరకపోతే అనంతపురం జిల్లా శింగనమల పక్క పల్లెలో మల్లీశ్వరి సంగతి వినండి.

మల్లీశ్వరికి ఎడమపక్క, పక్కటెముకల కింద నొప్పి. రెండువేల రెండో సంవత్సరం ఎండాకాలానికి ఆ నొప్పికి ఏడాదిన్నర వయసు. దానికి తోడు చలిజ్వరం. అది రోజూ వచ్చే రకం కాదు, దినం మార్చి దినం వచ్చేది. మధ్యాహ్నం పళ్లు కొట్టుకునేంత వణుకుతో మొదలై, పొద్దుగూకే వేళకు చెమట పట్టి దిగిపోయేది. మర్నాడు మనిషి లేచి తిరిగేది, ఊడ్చేది, వండేది.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. ఆ ఏడు వానల్లేవు. బోర్లు ఎండిపోయాయి. ఊరికి ట్యాంకరు నీళ్లే గతి. ఆ ట్యాంకరు కూడా దినం మార్చి దినమే వచ్చేది, అదీ మధ్యాహ్నమే. మల్లీశ్వరి జ్వరమూ, ట్యాంకరూ కూడబలుక్కున్నట్టు ఒకే దినం, ఒకే వేళకు ఊళ్లో దిగేవి.

ఇప్పుడు చెప్పండి, ఆమె అత్తగారు మీరే అయితే ఏమనుకుంటారు?

తిమ్మమ్మ కూడా అదే అనుకుంది. ఆమెను తప్పు పట్టడానికి లేదు. రెండు నెలలు ఓపిగ్గా గమనించి, ఒక్క దినం కూడా తప్పలేదని రూఢి చేసుకున్నాకే ఆ మాట బయట పెట్టింది. మన విశ్వవిద్యాలయాల్లో అంత ఓపికతో పరిశోధన చేసేవాళ్లు ఎంతమంది ఉన్నారు?

"లారీ మోత వినపడితే సాలు, దీనికి వణుకు పుడతాది. ట్యాంకరు రాని దినం గుండ్రాయి మాదిరి ఉంటాది. ఇది యాడి జరమమ్మా? ఆడలేక మద్దెల ఓడన్నట్ల, నీళ్లు మొయ్యలేక పక్కనొప్పి అంటాంది," అని వీధిలో అందరికీ చెప్పింది.

వానలే లేని ఊళ్లో దోమలెట్లా పుట్టాయి, చలిజ్వరమెట్లా వచ్చిందని మీకు అనుమానం రావచ్చు. నీళ్లు దొరకని ఊళ్లోనే నీళ్లు దాచుకుంటారు. ప్రతి ఇంట్లో రెండు సిమెంటు తొట్లు, ఒక డ్రమ్ము. దాచుకున్న నీళ్లలో దోమలు హాయిగా కాపురాలు పెట్టుకున్నాయి. కరువు అనంతపురంలో సుఖంగా బతికింది అవే.

మల్లీశ్వరి మొగుడు రామాంజులు చెడ్డవాడు కాదు. పెళ్లాం మాట వినడు, తల్లి మాట వినడు. ఎవరికీ అన్యాయం చెయ్యకుండా అందరి మాటా సమానంగా వినడు. "పుట్టింటికి పోవాలంటే నేరుగా అడగొచ్చు గదా, ఈ నాటకాలన్నీ యాల?" అన్నాడు. కరువు పనుల మేస్త్రీ, గుంత తవ్వుతూ తవ్వుతూ పక్క పట్టుకుని కూర్చున్న ఆమెను పనిదొంగ అన్నాడు. ఊళ్లో సూదులేసే ఆరెంపీ డాక్టరు గంగాధరప్ప చూడకుండానే "గ్యాసు" అన్నాడు. నాటువైద్యుడు నల్లప్ప ఒక్కడే చెయ్యి పెట్టి నొక్కి చూసి, "కడుపులో బల్ల పెరిగినాది" అన్నాడు. నిజం చెప్పాలంటే అందరిలోకీ జబ్బుకు దగ్గరగా వచ్చినవాడు అతనే. వాపు ఎక్కడుందో సరిగ్గా అక్కడే పట్టుకున్నాడు. పట్టుకుని, పసుపుకొమ్ము నిప్పుల మీద కాల్చి, సరిగ్గా అక్కడే మూడు చురకలు పెట్టాడు.

తెలుగు భాష ఎంత సంపన్నమైందో చూడండి! ఒక్క నొప్పికి నాటకమనీ, పనిదొంగతనమనీ, గ్యాసనీ, బల్లనీ ఎన్ని పేర్లో. ఇన్ని పేర్లున్నా మల్లీశ్వరికి ఒక్క పూట పడుకునే యోగం పట్టలేదు. నొప్పి ఉందని చెప్పేకొద్దీ ఆమె అబద్ధాలకోరు అయింది. చివరికి ఆమెకే అనుమానం వచ్చింది, నిజంగా ట్యాంకరుకు భయపడే వణుకుతున్నానేమోనని.

ఒక ట్యాంకరు దినం ఆ వణుకుతోనే రెండు బిందెలు తీసుకుని వరసలో నిలబడింది. నిలబడిన చోటే కళ్లు తిరిగి, టైరు పక్కన పడిపోయింది. వరసలో వాళ్లు ముందు తమ బిందెలు జరుపుకున్నారు. తర్వాత ఆమెను నీడకు జరిపారు.

పదిమందిలో పడింది కాబట్టి రామాంజులుకు తప్పలేదు. మర్నాడు బస్సెక్కించి అనంతపురంలో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. డాక్టరు రెండు నిమిషాలు చూశాడు. ఎడమపక్క నొక్కాడు, ఆమె కెవ్వుమంది. చీటీ మీద ఒక ముక్క రాసి, నొప్పికి నాలుగు మాత్రలిచ్చి, పెద్దాసుపత్రిలో రక్తపరీక్ష చేయించుకోమన్నాడు.

"ఏం జబ్బు సార్?" అని అడిగాడు రామాంజులు.

"అందులో రాశాను," అన్నాడు డాక్టరు.

ఆ చీటీ ఊరికి తెచ్చి గంగాధరప్ప చేతిలో పెట్టాడు. గంగాధరప్ప అద్దాలు పైకి తోసి, కిందికి దించి, మూడుసార్లు చదివాడు. "స్ప్లీనైటిస్" అని ఉంది. ఆ పేరు ఆయనా అప్పుడే చూడటం. తెలియదని చెప్పుకోవడం ఆరెంపీల వంశంలోనే లేదు.

"ఏమప్పా రామాంజులూ, కూర్చో," అన్నాడు మెల్లగా.

గంగాధరప్ప ఒకరిని కూర్చోమన్నాడంటే జబ్బు పెద్దదన్నమాట. రామాంజులు కూర్చుని, "పేరు పక్కన కొడవలి మాదిరి ఏందో గీసినాడు, అదేంది సామీ?" అని అడిగాడు.

"అది అందరికీ పెట్టరప్పా," అన్నాడు గంగాధరప్ప. "మామూలు జబ్బులకు అసలే పెట్టరు."

అది ప్రశ్న గుర్తు. ఇది అవునో కాదో తెలియదని డాక్టరు తన అనుమానం కొద్దీ పెట్టుకున్నది. ఊళ్లోకొచ్చేసరికి అది మిలిటరీ వాళ్ల ఛాతీ మీది పతకమైపోయింది.

ఆ మాటకు అర్థం చెప్పడం ఇక్కడ నా ధర్మం. ప్లీహం అని ఒక అవయవముంది. కడుపులో ఎడమపక్క, పక్కటెముకల చాటున, పిడికిలంత ఉంటుంది. దానికి వాపూ మంటా వస్తే స్ప్లీనైటిస్ అంటారు. నిఘంటువులో ఇంతే ఉంటుంది. నిఘంటువులకు పాపం అర్థం వరకే తెలుసు. వాడుక తెలియాలంటే పల్లెకు రావాలి.

రామాంజులు ఆ మాటను మొదట సొంత ఇంటి గడప దగ్గర వాడాడు.

"అంటే ఏందిరా?" అంది తిమ్మమ్మ.

"ఇంగ్లీషుది. పక్కన గుర్తు గూడా పెట్టినాడు."

తిమ్మమ్మ లోపలికి పోయింది. తాను పడుకునే నులకమంచం తెచ్చి చల్లగా ఉండే మూల వేసి, దాని మీద దుప్పటి పరిచింది. పెళ్లయి తొమ్మిదేళ్లకు మల్లీశ్వరి పట్టపగలు, అందరి అనుమతితో, నడుము వాల్చింది. సాయంత్రం గుడ్డు ఉడికించి, పెంకు వలిచి మరీ పెట్టింది అత్త. మంత్రాలకు చింతకాయలు రాలవంటారు. మంత్రం ఇంగ్లీషులో ఉంటే రాలతాయి.

ఆ మాటను ట్యాంకరు దగ్గర కూడా వాడారు. మగవాడు బిందెలు మోస్తే ఆ ఊళ్లో వారం రోజులు చెప్పుకుని నవ్వుతారు. కానీ రామాంజులు బిందెలతో వస్తే ఒక్కరూ నవ్వలేదు. పైగా, "స్ప్లీనైటిస్ ఇంటోళ్లు వచ్చినారు, జరగండప్పా," అని వరసలో ముందుకు పంపారు. పనిదొంగ అన్న మేస్త్రీ ఇంటికొచ్చి, "పనికి తొందర లేదులేమ్మా," అని గుమ్మంలోంచే చెప్పిపోయాడు. అంటుకుంటుందేమోనని లోపలికి మాత్రం రాలేదు.

ఇరుగుపొరుగు ఆడవాళ్లు మంచం చుట్టూ చేరారు. నొప్పి ఎప్పుడు మొదలయింది, ఎట్లా ఉంటుంది, ఎక్కడిదాకా పాకుతుంది అని ఒక్కో మాటా అడిగి తెలుసుకున్నారు. ఏడాదిన్నర నుంచి ఆమె ఎవరికి చెప్పబోయినా విననిది అదే. ఎదురింటి రామాంజినమ్మ తన పక్క నొక్కి చూసుకుని, "నాకు గూడా ఈడే సలుపుతాది," అంది. అది కుడిపక్క కాబట్టి లెక్కలోకి రాదని మిగతావాళ్లు తేల్చేశారు. వెనకవీధిలో ఎవరో తమ కోడలికి నడుమునొప్పని చెప్పుకోబోతే, "ఉత్త నడుమునొప్పే గదా, మా కోడలిది స్ప్లీనైటిస్," అంది తిమ్మమ్మ. ఆ మాట అనేటప్పుడు ఆమె మెడ కొంచెం నిటారుగా నిలిచింది కూడా.

ఆ పన్నెండు దినాలు మల్లీశ్వరికి జ్వరం తగ్గలేదు. నొప్పీ తగ్గలేదు. అయినా అంత సుఖం ఆమె ఎప్పుడూ ఎరగదు. వణుకు వస్తే అత్త కంబళి కప్పేది, మొగుడు తలుపు వేసేవాడు, వణుకుతున్నావెందుకని ఎవరూ అడగలేదు. తనను నమ్మడం ఇంత హాయిగా ఉంటుందని తెలిసి ఆమెకు ఏడుపొచ్చింది. ఈ జబ్బు అప్పుడే తగ్గకుండా చూడు సామీ అని ఒకసారి మొక్కుకుంది కూడా.

ఇంత చక్కగా సాగుతున్న కాపురంలో పెద్దాసుపత్రి డాక్టరమ్మ నిప్పులు పోసింది.

ఆమెకు తెలుగు వచ్చు. ఆమె చేసిన నేరం అదే. పదమూడో దినం మొగుడూ పెళ్లాలు ఆమె దగ్గరికి పోయారు. గాజుపలక మీద రక్తం చుక్క తీసి పరీక్షకు పంపించి, మూడు గంటలు కూర్చోబెట్టి, తర్వాత దగ్గరికి పిలిచి ఓపిగ్గా చెప్పింది.

"ఇది స్ప్లీనైటిస్ కాదమ్మా, మలేరియా. మన చలిజ్వరమే. ఏడాది పైన మందు లేకుండా వదిలేశారు. అందుకే ప్లీహం ఇంతై ఉంది." అరచెయ్యి పూర్తిగా చాపి చూపించింది. "పద్నాలుగు రోజులు ఒక్క పూట కూడా మానకుండా మాత్రలు మింగితే జ్వరం పోతుంది. వాపు దిగడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా బరువు ఎత్తకూడదు, ఎడమపక్క దెబ్బ తగలకూడదు. తగిలితే అది లోపలే పగులుతుంది. పగిలితే నిన్ను ఇక్కడిదాకా తెచ్చే టైము కూడా ఉండదు."

"సలిజరమేనా మేడమ్?" అన్నాడు రామాంజులు.

"అవును."

"ఆ ఇంగ్లీషుది కాదా?"

"కాదయ్యా."

"రొంత సరిగ్గా సూడండి మేడమ్," అని బతిమాలుకున్నాడు.

ఆ తల్లికి చదువుంది కానీ లోకజ్ఞానం లేదు. పెరిగిన ప్లీహానికి ఇంగ్లీషులో ఇంకా పెద్ద పేరుంది. స్ప్లీనోమెగాలీ! ఆ ముక్క చీటీ మీద రాసి, పక్కన రెండు కొడవళ్లు గీసి పంపించి ఉంటే, మల్లీశ్వరిని ఆరు నెలలు మంచం దిగనిచ్చేవాళ్లు కాదు. నిజం చెప్పింది, అదీ అందరికీ అర్థమయ్యేటట్టు చెప్పింది. ఇంతకంటే హాని ఏ డాక్టరైనా చేస్తాడా?

బస్సులో రామాంజులు ఊరొచ్చేదాకా మోసపోయిన మనిషి మొహం పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

"సలిజరమా?" అంది తిమ్మమ్మ ఇంట్లో. "దానికా నేను గుడ్లు వలిచి పెడ్తి? ఈ ఊర్లో సలిజరం రానోళ్లు ఎవురు?"

"బరువు ఎత్తగూడదన్న్యాది అత్తా. ఎత్తితే లోపల పగులుతాదంట," అంది మల్లీశ్వరి.

"డాక్టర్లు అట్లనే భయపెడతారులే."

చూశారా? పగిలి చస్తుందన్న మాట కూడా తెలుగులో చెబితే పనిచెయ్యలేదు. నులకమంచం తిమ్మమ్మ దగ్గరికి తిరిగిపోయింది. బిందెలు మల్లీశ్వరి దగ్గరికి తిరిగొచ్చాయి. రామాంజులు మోద్దామనుకున్నాడేమో, ట్యాంకరు దినం ఒకసారి బిందె వైపు చూశాడు కూడా. కానీ అరుగు మీద నుంచి ఎవరో, "ఏమప్పా, పెండ్లాముకు సలిజరమైతే మొగుడు నీళ్లు మోస్తాడా?" అన్నారు. అతను టవలు భుజాన వేసుకుని బజారు వైపు పోయాడు.

పైగా మాత్రలు పనిచేశాయి. అదింకో దెబ్బ. ఆ మధ్యాహ్నం లారీ మోత వినబడినా ఆమెకు వణుకు రాలేదు. సాక్ష్యానికి ఆ వణుకు కూడా లేకుండా పోయింది.

మల్లీశ్వరి వరసలో నిలబడింది. పైపు కింద బిందె నిండింది. వంగి, అంచు పట్టుకుని, ఎడమ నడుముకు ఎత్తుకోవాలి. పెళ్లయినప్పటి నుంచీ ఎత్తుతున్న చోటే, వాపున్న చోటే. ఆమె వంగింది. డాక్టరమ్మ చాపిన అరచెయ్యి కళ్లముందు ఆడింది. చచ్చిపోతానేమోనని భయమేసింది. అంతవరకూ ఆ భయం ఆమె ఎవరికీ చెప్పలేదు, చెబితే అదీ సాకే అంటారని.

ఆమె బిందె వదిలేసి నిలబడింది.

"ఎత్తు బిరీన, ఎనక జనం ఉండారు," అన్నారు వరసలో.

"ఎత్తను."

"యాల ఎత్తవు?"

"నొప్పి," అంది మల్లీశ్వరి. చెప్పడానికి ఆమె దగ్గర ఇంకో మాట లేదు.

వరస గొణిగింది. ఎవరో బిందెను కాలితో పక్కకు నెట్టారు, సగం నీళ్లు ఒలికాయి. నీళ్లు నేలపాలయ్యాయని ఎవరో కేక వేస్తే విని తిమ్మమ్మ ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చింది. కోడలిని, కోడలి పుట్టింటిని, ఆసుపత్రిని, డాక్టరమ్మను వరసపెట్టి తిట్టింది. తిడుతూనే ఒక బిందె నెత్తిన, ఇంకోటి చంకన పెట్టుకుంది. ఆరుసార్లు తిరిగింది. తిరిగిన ఆరుసార్లూ తిట్టింది. తొట్లు రెండూ నిండాకే నోరు మూసింది.

దీపాలు పెట్టే వేళ తిమ్మమ్మ వచ్చి కోడలి పక్కన నేల మీద కూలబడింది. మల్లీశ్వరి ఇంకో విడత తిట్లకు సిద్ధమై తల వంచుకుంది. తిట్లు రాలేదు.

"ఆ పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఏ దినాల్లో ఉంటాది?" అని అడిగింది తిమ్మమ్మ, వాకిలి వైపు చూస్తూ.

"సోమవారం, గురువారం. ఎందుకత్తా?"

కొడుకు ఇంట్లో లేడని ఇంకోసారి చూసుకుంది తిమ్మమ్మ. గొంతు బాగా తగ్గించింది.

"రామాంజులు పుట్టినప్పుడు నాకు కాన్పుసంచి కిందికి జారినాది. ముప్పై ఏండ్లాయ. గుడ్డ బిగించి కట్టుకొని తిరగతాండా. బిందె ఎత్తినప్పుడల్లా ఇంత బయటికి వస్తాది. కూర్చుని లోపలికి తోసుకొని మళ్లా లేస్తా."

మల్లీశ్వరికి ఆ మధ్యాహ్నం అత్త ఆరుసార్లు తిరిగిన సంగతి గుర్తొచ్చి, ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఎవురికీ చెప్పలేదా అత్తా?"

"నువ్వు పోయినప్పుడు ఆయమ్మను అడుగు. దానికి ఇంగ్లీషులో ఏదన్నా పేరుంటే రాయించుకొని రా," అంది తిమ్మమ్మ. "మీ మామకు తెలుగులో చెప్పి చూస్తి. ఇనకనే సచ్చిపాయ."